చూసే నొక్కాను

శాంతయ్య శవం రెండో మిషను పక్కన బోర్లా పడి ఉంది.

కుడిచెయ్యి ఇంకా బెల్టులోనే ఉంది. తల ఇనప చట్రానికి కొట్టుకుంది. చుట్టూ తెల్లటి దూది, అందులో ఎరుపు. ఆ ఎరుపు గురించి ఇంతకంటే చెప్పను. చెప్పించుకోవాలని ఎవరికీ ఉండదు.

మంగళవారం ఉదయం పది కావస్తోంది. తిరువూరు శివార్లలో ఆదిశేషయ్యగారి జిన్నింగ్ మిల్లు. పత్తి నుంచి గింజలు వేరుచేసే మిషన్లు ఆరు. ఒక్కో మిషనుకీ పత్తి అందించే ఆడకూలీ ఒకరు. ఆరుగురూ ఒక్కసారే కేక పెట్టారు.

శాంతయ్య ఆ మిల్లులో ఫిట్టరు. ఆగి ఉన్న మిషనులో చెయ్యి పెట్టి తోలు రోలరు బిగిస్తున్నాడు. ఉన్నట్టుండి మిషను తిరిగింది.

మిషను దానంతటది తిరగదు. ఎవరో బటన్ నొక్కాలి. బటన్లన్నీ ఒక్కచోటే ఉన్నాయి. హాలు చివర, ఎత్తు అరుగు మీద, ప్యానెల్ బోర్డు మీద. ఆ సమయంలో అక్కడ ఉన్నది ఒక్కడే. ఆపరేటర్ మరియదాసు. శాంతయ్య భార్యకి స్వయానా అన్న.

అంతకు రెండు రోజుల ముందు, ఆదివారం, చర్చి బయట అందరూ చూస్తుండగా ఈ మరియదాసే శాంతయ్య కాలర్ పట్టుకున్నాడు. "ఇంకోసారి తాగొచ్చి నా చెల్లెలి మీద చెయ్యేస్తే చంపుతా" అన్నాడు. విననివాళ్ళు లేరు.

ఎస్సై జగన్నాథరావుకి ఇంకేం కావాలి? అన్నం వండి, విస్తరి వేసి, వడ్డించి పెట్టినట్టే ఉంది కేసు. మరియదాసుని లాకప్‌లో వేసి టీ తాగాడు.

* * *

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటప్పయ్య మైలవరంలో వేరే కేసు చూసుకుని బుధవారం తెల్లవారాక తిరువూరు స్టేషన్‌లో జీపు దిగాడు.

భారీ మనిషి. ఎడమచేతివాటం. చిన్నప్పుడు ఎడమచేత్తో పలక పట్టుకున్నందుకు బళ్ళో, ఎడమచేత్తో ముద్ద కలిపినందుకు ఇంట్లో దెబ్బలు తిన్నాడు. ఈ లోకంలో తలుపు గొళ్ళేల నుంచి కత్తెరల దాకా అన్నీ ఎవరో ఇంకొకరి చేతి కోసం చేశారని ఆయనకి అప్పుడే తెలిసిపోయింది. ఆ కోపం ఇంకా పోలేదు.

"కేసు అయిపోయింది సార్" అన్నాడు జగన్నాథరావు. "పదిలోపు మేజిస్ట్రేట్‌గారి ముందు పెట్టెయ్యడమే."

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు సార్. 'చూసే నొక్కాను' అన్నాడు. అవే మాటలు."

"మన ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదుగా."

"ఆరుగురు సాక్షులున్నారు సార్. ఆదివారం బెదిరించాడు. మంగళవారం చంపాడు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం జగన్నాథరావు. వెంకటప్పయ్య వాదించలేదు. లాకప్ తలుపు తీయించాడు.

మరియదాసు గోడకి ఆనుకుని కూచున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కుడిచేతి వేళ్ళు వాచి నల్లబడ్డాయి.

వెంకటప్పయ్య ఎస్సై వైపు తీవ్రంగా చూశాడు. "ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు సార్" అన్నాడు మరియదాసు. "నేనే గోడకేసి కొట్టుకున్నా."

"ఎందుకూ?"

"ఈ చెయ్యి నా మాట వినలేదు సార్."

"శాంతయ్య రెండో మిషను దగ్గర ఉన్నాడని నీకు తెలుసా?"

"తెలుసు సార్. చూశాను."

"మరి?"

"రావమ్మ మిషను కూడా ఆగి ఉంది సార్. పత్తి ఇరుక్కుంటే తీసుకుంటోంది. అయిపోయాక చెయ్యెత్తింది. చూసే నొక్కాను. రావమ్మ మిషను తిరగాలి. శాంతయ్య కేక వినపడింది."

"శాంతయ్యని చంపాలనుకున్నావా?"

మరియదాసు తన వాచిన వేళ్ళ వైపు చూసుకున్నాడు.

"ఆదివారం అనుకున్నా సార్. అబద్ధం ఎందుకు చెప్పాలి? మంగళవారం అనుకోలేదు. చెయ్యి మాత్రం ఆదివారం మాటే పట్టుకున్నట్టుంది."

"ప్యానెల్ మీద ఎన్నాళ్ళ నుంచి పని చేస్తున్నావు?"

"సంక్రాంతి ముందు బిగించారు. అప్పటి నుంచీ నేనే."

"ఎప్పుడైనా తప్పు బటన్ నొక్కావా?"

"ఒక్కసారి కూడా లేదు సార్. అందుకే చెబుతున్నా. ఆ ఒక్కసారే, అదీ శాంతయ్య ఉన్నప్పుడే... నాలో పగ ఉంది సార్. ఇంకేం అడగొద్దు."

మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

* * *

వరండాలో ఒకామె నుంచుని ఉంది. నలిగిన చీర, ఎర్రబడ్డ కళ్ళు. కానీ ఏడుపు లేదు.

"జ్ఞానమణి సార్. చనిపోయినతని భార్య" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ హనుమయ్య మెల్లిగా.

ఆమె దణ్ణం పెట్టలేదు. తిన్నగా అడిగింది.

"అయ్యా, శవాన్ని మధ్యాహ్నం ఇస్తామన్నారు. సాయంత్రం సమాధి. మా అన్న చంపాడా లేదా, ఆ లోపల నాకు చెప్పండి."

"కోర్టు చెబుతుందమ్మా."

"కోర్టు ఏళ్ళు పడుతుంది. ఈ పొద్దు నేను ఏ మొహంతో ఏడవాలి? ఆయన నన్ను కొట్టేవాడు, నిజమే. అయినా నా మొగుడు. మా అన్నతో చెప్పుకుంది నేనే. నేను చెప్పబట్టే గొడవయింది. మా అన్న చంపితే, చంపించింది నేనే గదండీ?"

వెంకటప్పయ్యకి ముప్పై ఏళ్ళ సర్వీసు. ఏడ్చేవాళ్ళని ఓదార్చడం తెలుసు. ఏడవలేనివాళ్ళని ఏం చెయ్యాలో తెలియలేదు. "మిల్లు దగ్గరికి రామ్మా" అని మాత్రం అన్నాడు.

* * *

మిల్లు మూసి ఉంది. గేటు బయట పెనుగొలను నుంచి, వినగడప నుంచి వచ్చిన పత్తి బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. ఎడ్లు మాత్రం నిశ్చింతగా నెమరేస్తున్నాయి.

ఆదిశేషయ్య గేటు దాకా ఎదురొచ్చాడు. రోజూ మిల్లుకొచ్చి కాళ్ళూ మొహం కడుక్కుని, నుదుటన ఎర్రటి నిలువు బొట్టు దిద్దుకుని గానీ కుర్చీలో కూచోని మనిషి. ఈ రోజు ఆ బొట్టు వంకరగా, ఎడమ కనుబొమ మీదికి జారి ఉంది.

"శని పట్టిందండీ" అన్నాడు. "మనిషి పోయాడు. పని పోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటని, ఆఖరికి ఆఫీసులో అద్దం కూడా ఎవడో ఎత్తుకుపోయాడు. ఎస్సైగారితో చెబితే నవ్వారు."

జగన్నాథరావు మళ్ళీ నవ్వాడు. "మర్డర్ కేసులో ఉంటే అద్దం గొడవేంటండీ?"

వెంకటప్పయ్య నవ్వలేదు. "అద్దం ఎప్పుడు పోయింది?"

"నిన్న పొద్దున వచ్చేసరికే లేదండీ. ఇక్కడి పనోళ్ళు కడగడానికి తీశారేమో అనుకున్నా. ఈలోగా ఈ ఘోరం."

లోపల హాల్లో ప్యానెల్ దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు, నలిగిన టెర్లిన్ చొక్కా. రాత్రంతా నిద్ర లేని మొహం.

"మా మేనల్లుడు సీతారామారావు" అన్నాడు ఆదిశేషయ్య. "ఇంజనీరు. ఈ ప్యానెలు మావాడు చేసిందే. నూజివీడు మిల్లువాళ్ళు కూడా అడుగుతున్నారు."

వెంకటప్పయ్య ప్యానెల్‌ని చూశాడు. బూడిదరంగు రేకు పెట్టె. ఆరు నల్ల బటన్లు ఒకే వరసలో. ఒక్కో బటన్ కింద చిన్న ఇంగ్లీషు అంకె. ఒకసారి నొక్కితే మిషను తిరుగుతుంది. మళ్ళీ నొక్కితే ఆగుతుంది.

"బాగుంది. ఎట్టా ఆలోచించి చేశారు?"

సీతారామారావు కళ్ళలోకి ఒక్క క్షణం వెలుగొచ్చింది. అలవాటైన మాటలు వాటంతటవే వచ్చేశాయి.

"మిషను మనిషికి తగ్గట్టుండాలి సార్. మనిషి మిషనుకి తగ్గట్టు కాదు. విదేశాల్లో దీనిమీద పరిశోధనలే జరుగుతున్నాయి. కంప్యూటర్ల ముందు కూచునేవాళ్ళకి ఏది ఎక్కడుంటే తేలిగ్గా అర్థమవుతుంది, చెయ్యి ఎటు పోతుంది, కన్ను ఎటు పోతుంది, అన్నీ చూస్తున్నారు. నేను పుస్తకాలు తెప్పించుకుని చదివాను."

"మరి మీ ఆపరేటరు మిషన్లకి వీపు పెట్టి నుంచోవడమేంటి?"

సీతారామారావు మేనమామ వైపు చూశాడు. ఆదిశేషయ్యే చెప్పాడు.

"మావాడు అటు తిప్పే గీశాడండీ. నేనే ఇటు తిప్పించా. మిషన్లు దక్షిణం వైపున్నాయి. వాటిని చూస్తూ బటన్ నొక్కాలంటే దక్షిణముఖంగా నుంచోవాలి. యముడి దిక్కు చూస్తూ ఎవడైనా పని మొదలెడతాడా? ఉత్తరం గోడకి బిగించమన్నా. కుబేరస్థానం."

కుబేరుడి సంగతేమో గాని, యముడు మాత్రం తనవైపు చూడలేదని అలిగి ఊరుకునే దేవుడు కాడు.

"నెంబర్లు చూసి నొక్కుతాడా?"

"నెంబర్లెవరూ చూడరు సార్" అన్నాడు సీతారామారావు. "మోతలో మాట వినపడదు. చెయ్యెత్తుతారు. ఆపరేటరు వెనక్కి తిరిగి ఎన్నోదో చూస్తాడు. మళ్ళీ ఇటు తిరిగి అన్నోది నొక్కుతాడు."

"రోజంతా?"

"రోజంతా."

"మెడ నొప్పెట్టదూ?"

సీతారామారావు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

వెంకటప్పయ్య అరుగెక్కి ప్యానెల్ ముందు నిలబడ్డాడు. వెనక్కి తిరిగాడు. ఎడమ చివర ఒకటో మిషను, దాని పక్కన శాంతయ్య ప్రాణం తీసిన రెండోది. కుడివైపు, చివరిదాని పక్కన, రావమ్మది. అయిదోది. మళ్ళీ ప్యానెల్ వైపు తిరిగాడు. ఎడమ చివర ఒకటో బటన్. వరస ఒకటే. తేడా ఏమీ లేదు.

"చూశారా సార్" అన్నాడు జగన్నాథరావు. "రెండుకీ అయిదుకీ పొరపడడానికి పక్కపక్కనే ఉన్నాయా? ఇది పొరపాటు కాదు."

నిజమే. పొరపాటున చెయ్యి జారితే పక్క బటన్ మీద పడుతుంది. ఎక్కడి అయిదు, ఎక్కడి రెండు?

వెంకటప్పయ్య తలెత్తాడు. ప్యానెల్ పైన గోడకి రెండు మేకులు. మూరెడు ఎడంలో. కింద రేకు మీద కొంచెం సున్నప్పొడి.

"ఈ మేకులేంటి?"

"క్యాలెండర్ కోసం సార్" అన్నాడు సీతారామారావు.

"క్యాలెండరేదీ?"

"తగిలించే లోపే... ఇది జరిగింది."

* * *

హనుమయ్య ఆరుగురు ఆడకూలీలనీ మిల్లుకి పిలిపించాడు. రావమ్మది పెనుగొలను. యాభై దాటిన మనిషి.

"చెప్పమ్మా. నువ్వు చెయ్యెత్తినప్పుడు మరియదాసు నిన్ను చూశాడా?"

"లేదయ్యా. తిరగలేదు."

"సరిగ్గా చూశావా?"

"వీపే కనపడింది. పొద్దుటినుంచీ తిరిగి చూసి మరీ నొక్కాడు. ఆ ఒక్కసారే తిరగలేదు."

జగన్నాథరావు చేతులు చరిచాడు. "అదే సార్! చూడకుండా, కావాలని నొక్కాడు."

"ఆగవయ్యా. అమ్మా, నువ్వు చెయ్యెత్తిన ఎంతసేపటికి రెండో మిషను తిరిగింది?"

"ఎంతసేపేంటి బాబూ. ఇట్టా ఎత్తాను. అట్టా తిరిగింది."

"అంటే నువ్వు చెయ్యెత్తడం అతనికి తెలిసింది."

"తిరగందే ఎట్టా తెలుస్తదయ్యా?"

"అదే నేనూ అడుగుతున్నా. ఇంకేమన్నా గుర్తుందా?"

రావమ్మ ఆలోచించింది. "ఆ అరుగు వైపు నించి ఎండ కళ్ళల్లో కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశా. అయినా వీపని తెలుస్తానే ఉంది."

"అరుగు వైపు నించా?"

"అవునయ్యా. అటు నించే."

వెంకటప్పయ్య ఇంకేమీ అడగలేదు. మాఘమాసం. పొద్దున పది గంటలు. ఎండ దక్షిణపు కిటికీల నుంచి హాల్లోకి వస్తుంది. ఉత్తరం వైపు ఉన్నది గోడ. కిటికీ కాదు కదా, చిల్లు కూడా లేదు.

గోడ నుంచి ఎండ ఎలా వచ్చింది?

వీపు పెట్టి నిలబడ్డ మనిషి వెనక ఉన్నది ఎలా చూశాడు?

ఆయన విసవిసా ఆఫీసు గదిలోకి నడిచాడు. చెయ్యి కడుక్కునే తొట్టి పైన గోడ మీద వెలిసిపోని నలుచదరపు మచ్చ. దాని పైన రెండు పాత మేకులు. భుజం మీద తువ్వాలు తీసి ఆ మేకుల ఎడం కొలిచాడు. తిరిగొచ్చి ప్యానెల్ పైన కొలిచాడు. ఒక్కటే కొలత.

"హనుమయ్యా! ఎదురుగా మంగలి షాపుంది. అందులో పెద్ద అద్దం ఉంటుంది. బతిమాలి పట్టుకురా. అట్టాగే మరియదాసుని జీపులో తీసుకురమ్మని కబురు చెయ్యి."

"కోర్టుకి టైమవుతోంది సార్" అన్నాడు జగన్నాథరావు.

"అవనీ."

సీతారామారావు గోడకి ఆనుకున్నాడు.

* * *

అందరూ హాల్లో ఉన్నారు. కరెంటు రాకుండా మెయిన్ ఫీజు పీకేశారు. ఆదిశేషయ్య కుర్చీలో, జ్ఞానమణి స్తంభం పక్కన. మరియదాసు ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తల వంచుకుని. అన్నాచెల్లెళ్ళు ఒకరి వైపు ఒకరు చూడలేదు.

ఆడకూలీలు ఎవరి మిషను దగ్గర వాళ్ళు నిలబడ్డారు. శాంతయ్య నుంచున్న చోట హనుమయ్య వంగి నిలబడ్డాడు.

"జగన్నాథరావూ, నువ్వు రావయ్యా. ఇప్పుడు నువ్వే ఆపరేటరువి."

"నేనా సార్?"

"నీకు శాంతయ్య మీద పగ లేదుగా. అందుకే నువ్వు. ఎవరు చెయ్యెత్తితే వాళ్ళ మిషను వెయ్యి. ఆలోచించకు. చకచకా నొక్కు."

జగన్నాథరావు నవ్వుకుంటూ ప్యానెల్ ముందు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఒకామె చెయ్యెత్తింది. ఇటు తిరిగి నొక్కాడు. సరిపోయింది. ఇంకొకామె. సరిపోయింది. మూడోసారీ సరిపోయింది.

"బాగా వచ్చిందే. మెడ ఎట్టా ఉంది?"

"పట్టేస్తోంది సార్."

"ఇంక తిరగక్కర్లేదులే."

వెంకటప్పయ్య మంగలి షాపు అద్దాన్ని ఆ రెండు మేకులకీ తగిలించాడు. హాలంతా అందులో కనిపించింది. మిషన్లు, ఆడవాళ్ళు, వంగి ఉన్న హనుమయ్య. దూరంగా రావమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇదేనయ్యా! ఇట్టాగే కొట్టింది ఎండ!" అని అరిచింది.

"అద్దంలో చూస్తూ నొక్కు" అన్నాడు వెంకటప్పయ్య. "రావమ్మా, చెయ్యెత్తు."

రావమ్మ చెయ్యెత్తింది. జగన్నాథరావు అద్దంలో చూశాడు. చెయ్యి ముందుకు పోయింది. నొక్కాడు.

"ఏ మిషను వేశావు?"

"రావమ్మ మిషను సార్."

"బటన్ కింద అంకె చదువు."

జగన్నాథరావు వంగి చూశాడు.

"పైకి చదువు."

"రెండు సార్."

"రెండో మిషనులో ఎవరి చెయ్యి ఉంది?"

జగన్నాథరావు వెనక్కి తిరిగాడు. హనుమయ్య ఇంకా వంగే ఉన్నాడు. ఎస్సై నుదుటి మీద చెమట పట్టింది.

"ఫీజు పీకి ఉంది కాబట్టి హనుమయ్య బతికాడు" అన్నాడు వెంకటప్పయ్య. "నువ్వు చూడకుండా నొక్కలేదు జగన్నాథరావూ. చూసే నొక్కావు. మరియదాసూ అంతే."

ఆయన అద్దంలో కనిపిస్తున్న రావమ్మని వేలితో చూపించాడు.

"వెనక్కి తిరిగి చూస్తే రావమ్మ కుడివైపు ఉంటుంది. తిరక్కుండా అద్దంలో చూస్తే ఎడమవైపు ఉంటుంది. ఎడమ నుంచి రెండోది. చెయ్యి ఎడమ నుంచి రెండో బటన్ మీదకే పోతుంది. నీ చెయ్యయినా, నా చెయ్యయినా అంతే. అందులో పగా లేదు, ప్రేమా లేదు. మరియదాసూ, అద్దం ఎప్పుడు పెట్టారయ్యా?"

మరియదాసు నెమ్మదిగా తలెత్తాడు. ఆ గోడ మీది అద్దాన్ని, నిద్రలోంచి లేచినవాడిలా చూశాడు.

"అప్పుడే సార్. పెట్టి పది నిమిషాలు కాలేదు. అద్దంలో చూసి నొక్కడం అదే మొదలు... అదసలు నాకు గుర్తే లేదు సార్. ఎటు చూసినా శాంతయ్యే కనిపిస్తున్నాడు."

"ఎవరు పెట్టారు?"

మరియదాసు చెప్పాల్సిన పని లేకపోయింది. సీతారామారావు అరుగు మెట్టు మీద కూలబడ్డాడు.

"నేనే సార్."

"ఎందుకు?"

"మెడ తిప్పలేకపోతున్నానని మరియదాసు అన్నాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదన్నాడు. ప్యానెల్ అటు తిప్పుదామంటే మామయ్య ఒప్పుకోరు. అద్దం పెడితే తిరిగే పనుండదనుకున్నా. వాడికి సుఖంగా ఉంటుందని పెట్టాను సార్. వాడి కోసమే."

"పెట్టాక అక్కడ నువ్వొకసారి నిలబడి చూశావా?"

"లేదు సార్."

"ఒక్కసారి?"

"లేదు. కాగితం మీద అంతా సరిగ్గా ఉంది."

"కాగితం మీద మనిషి నిలబడడు బాబూ" అన్నాడు వెంకటప్పయ్య. గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ ఉంది. "మనిషికి తగ్గట్టు చెయ్యాలని నువ్వే చెప్పావు. ఆ మనిషి నుంచునే చోట రెండు నిమిషాలు నుంచుంటే శాంతయ్య బతికేవాడు. సరే, అది తెలియక చేసిన తప్పు. అద్దం ఎప్పుడు తీశావు?"

"కేక వినపడగానే వచ్చాను. శాంతయ్యని చూశాను. అద్దం చూశాను. అప్పుడే అర్థమైంది సార్. అందరూ శవం చుట్టూ ఉన్నారు. తీసి పత్తిగింజల గోడౌన్‌లో పెట్టాను."

"అర్థమై కూడా మరియదాసుని పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకున్నావు."

"నా ప్యానెల్ మనిషిని చంపిందని ఎట్టా చెప్పను సార్? ఎస్సైగారు పగ అన్నారు. అందరూ పగ అన్నారు. రాత్రయ్యేసరికి నేను కూడా అదేనేమో అనుకోవడం మొదలుపెట్టాను."

ఆదిశేషయ్య కుర్చీలోంచి లేచాడు. ఏదో అనబోయాడు. గోడ వైపు, మిషన్ల వైపు చూసి మళ్ళీ కూచున్నాడు.

"మీతో తర్వాత మాట్లాడతానండీ" అన్నాడు వెంకటప్పయ్య. "జగన్నాథరావూ, ఇతన్ని జీపెక్కించు. సాక్ష్యం దాచినందుకు. అట్టాగే మరియదాసుని వదిలెయ్యమని మేజిస్ట్రేట్‌గారికి రిపోర్టు నేనే రాస్తా. అమ్మా జ్ఞానమణీ, నువ్వడిగావుగా. మీ అన్న చంపలేదు. చంపించింది నువ్వూ కాదు."

జ్ఞానమణి ఆయన వైపు చూడలేదు. సీతారామారావు ఎదుటికొచ్చి నిలబడింది.

"అద్దం పెట్టినందుకు మిమ్మల్ని ఏమీ అననండీ. మా అన్న నొప్పి చూసి పెట్టారు. ఆ మాత్రం ఎవరు చూస్తారు? తీసినందుకే అడుగుతున్నా."

సీతారామారావు తల ఎత్తలేదు.

"రాత్రి చర్చిలో మోకాళ్ళ మీద కూచున్నా. నా మొగుడి కోసం కాదు. మా అన్నకి ఉరి పడాలని ప్రార్థన చేశా. తోడబుట్టినవాడికి. తెల్లవార్లూ అదే ప్రార్థన. నిజం మీ దగ్గరుంది. గోడౌన్‌లో ఉంది. ఒక్కమాట చెప్పినట్టయితే నేను అట్టా ప్రార్థన చేసేదాన్ని కాదు గదా? ఇప్పుడు మా అన్న మొహం నేనెట్టా చూడాలి? మీరు చదువుకున్నారు. చెప్పండి."

వెంకటప్పయ్య పక్కకి తిరిగి నిలబడ్డాడు.

కానిస్టేబుళ్ళు చేతులు వదిలేశారు. మరియదాసు రెండడుగులు వేశాడు. వాచిన చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచెయ్యి చెల్లెలి తల మీద వేశాడు.

"నేనూ అదే ప్రార్థన చేశానమ్మా" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది జ్ఞానమణి.